మెరుపయ్య గోత్రం

మొన్న హైదరాబాదులో మా మనవరాలు నన్నొక తీర్థానికి తీసుకెళ్ళింది. తీర్థం అని నేనంటున్నాను గానీ వాళ్ళు దానికి ఇంగ్లీషులో ఏదో పేరు పెట్టుకున్నారు. కామిక్సు పుస్తకాలు చదివేవాళ్ళంతా ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఒకచోట చేరే పండగట అది. పెద్ద షెడ్డు, చెవులు చిల్లులు పడే పాటలు, ఎటు చూసినా వేషాలు. ఒక కుర్రాడు అట్టలతో చేసిన కవచం తొడుక్కుని, కూర్చోవడానికి వీల్లేక నిలబడే బజ్జీలు తింటున్నాడు. ఒకమ్మాయి వీపుకి రెక్కలు కట్టుకుని, గుమ్మంలో పట్టక పక్కవాటంగా లోపలికొస్తోంది. మా మనవరాలు నెత్తిన ఆకుపచ్చ జుట్టు పెట్టుకుంది. దాన్ని సరిచెయ్యమని మాటిమాటికీ నా ముందు తల వంచుతోంది.

"అమ్మమ్మా, నీకు బోరు కొడుతోందా?" అని అడిగింది. లేదే అన్నాను. నిజంగానే లేదు. చాలాసేపు వరసలో నిలబడి, ఎదురుచూసిన కొత్త పుస్తకం చేతికి రాగానే మనవరాలు ప్లాస్టిక్ కవరు చింపి, చదవడానికి ముందు ముక్కు లోపల పెట్టి గట్టిగా వాసన పీల్చింది. నేను చూస్తున్నానని సిగ్గుపడి, "కొత్త పుస్తకం వాసన అమ్మమ్మా, నీకు తెలీదులే" అంది.

తెలీదులే అనేసరికి నాకు ఒళ్ళు మండింది. ఈ పిల్లలు పిచ్చికి కూడా తామే మొదటివాళ్ళమనుకుంటారు. "నీ పిచ్చి నా పిచ్చి ముందు ఏపాటిదే? మా ఇంట్లో అయితే పిల్లలకీ పెద్దలకీ కలిపి పట్టింది" అని అక్కడే, మెట్ల మీద కూలబడి, దానికి మెరుపయ్య సంగతి చెప్పడం మొదలుపెట్టాను.

మాది గోదావరి పాయల మధ్య ఉండే ఒక లంక. అమలాపురం వెళ్ళాలంటే పడవ దాటి, గట్టెక్కి, బస్సు కోసం నిలబడాలి. మా నాన్నది కొబ్బరికాయల వ్యాపారం. ఇంటి పక్కనే సావిడి, దాన్నిండా కాయల రాశులు, దాని వెనక ఒలిచిన పీచు డొక్కల పోగు. మా బాబాయి అమలాపురంలో గది తీసుకుని కాలేజీలో చదివేవాడు. ఏం చదివేవాడో మాకెవరికీ సరిగ్గా తెలియదు. మాకు కావలసిందల్లా అతను శనివారం సాయంత్రం పడవ దిగి వచ్చేటప్పుడు సంచిలో బొమ్మల పత్రిక ఉండడం.

అది పక్షానికోసారి వచ్చేది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా బొమ్మల కథలే. అందులో అన్నిటికన్నా ముందు మేం వెతుక్కునేది మెరుపువీరుడి కథ. నీలం ముసుగు, నల్ల గుర్రం, ఎప్పుడూ కొండల్లోనే తిరుగుడు. పాడుబడ్డ కోటలో ఒక దుర్మార్గపు మంత్రి కూర్చుని అతణ్ణి చంపడానికి పథకాలు వేస్తూ ఉంటాడు. బాబాయి దారిలో అంబాజీపేటలో దిగి మామ్మ కోసం పొట్టిక్కలు కొనేవాడు. పనసాకు బుట్టల్లో ఉడికిన ఇడ్లీలు అవి. పత్రికా పొట్టిక్కలూ ఒకే సంచిలో వచ్చేవి కనక, పేజీ తిప్పితే సిరా వాసనతో పాటు ఉడికిన పనసాకు వాసన కూడా వచ్చేది. ఈ రోజుకీ పనసాకు వాసన తగిలితే నాకు గుర్రం డెక్కల చప్పుడు వినిపిస్తుంది. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పను.

మామ్మ అంటే మా నాన్నమ్మ. ఆవిడకి చదువు రాదు. అయినా మా ఇంట్లో ఆ పత్రిక ఎలా చదవాలో నిర్ణయించింది ఆవిడే. సావిడి అరుగు మీద కూర్చుని కొబ్బరాకుల ఈనెలు చీరుతూ, "ఏమే, రా" అని పిలిచేది. నేను పుస్తకం తెరిచి ఆవిడ ఒళ్ళో పెట్టాలి. అక్షరం చదవకూడదు. ముందు ఆవిడ కళ్ళజోడు సర్దుకుని పేజీలో బొమ్మలన్నీ చూస్తుంది. చూసి, అక్కడేం జరిగిందో తను చెబుతుంది. ఆ తరవాతే నేను చదవాలి. ఆవిడ చెప్పిందీ నేను చదివిందీ ఒకటైతే సరే. వేరయితే తప్పు రాసినవాడిది.

"వీడు కోపంగా చూస్తుంటే నవ్వేడని రాసేడేంటే? కళ్ళు లేవూ?" అనేది.

తమ్ముడూ నేనూ చెరోపక్కా కూర్చునేవాళ్ళం. ఎదురింటి అత్తయ్యగారు చేటలో బియ్యం తెచ్చుకుని ఏరుకుంటూ వినేది. మా అమ్మ మాత్రం, "నాకు పొయ్యి మీద పనుంది, మీకేం" అంటూనే వంటింటి గుమ్మంలో నిలబడి గరిట పట్టుకుని వినేది. ఎన్నోసార్లు పప్పు మాడింది. మాడిన పప్పు వడ్డిస్తే మా నాన్న, "ఇవాళ మెరుపువీరుడు వచ్చేడా?" అని అడిగేవాడు.

మెరుపువీరుడు అనడం మామ్మకి నోరు తిరగలేదు. మెరుపయ్య అంది. అదే ఖాయమైంది. మామ్మకి అతని యుద్ధాల మీద కన్నా తిండి మీద దిగులెక్కువ.

"ఎప్పుడు చూసినా ఆ గుర్రం మీదే. వీడు అన్నం ఎప్పుడు తింటాడే?" అనేది.

"బొమ్మలేసేవాడు అన్నం తినే బొమ్మలు వెయ్యడమ్మా, పేజీలు సరిపోవు" అనేవాడు బాబాయి.

"సరిపోకపోతే ఆ కత్తియుద్ధాలు తగ్గించుకోమను. పూటకో ముద్ద పెట్టడానికి చోటు లేదేంటి? గుర్రానికైనా గడ్డి వేసేడు గానీ వీడికేం లేదు" అని మామ్మ నిజంగానే బాధపడేది.

తమ్ముడూ నేనూ ఊరికే వినే రకం కాదు. అమ్మ పెళ్ళిళ్ళకని దాచుకున్న నీలం జాకెట్టు గుడ్డకి కళ్ళ దగ్గర రెండు కన్నాలు కత్తిరించి ముసుగు చేశాం. కొబ్బరి మట్ట గుర్రం. డొక్కల పోగు కొండ. తమ్ముడు ఆ పోగు మీద నుంచి కింద నిలబడ్డ దుర్మార్గపు మంత్రి మీదకి దూకేవాడు. మంత్రిని ఎప్పుడూ నేనే. పెద్దదాన్ని కదా, త్యాగం చెయ్యాలట. ఒళ్ళంతా పీచు గుచ్చుకుని దురదలు. జాకెట్టు గుడ్డ సంగతి బయటపడ్డ రోజున మాత్రం అమ్మ మంత్రినీ వీరుణ్ణీ ఒకేలా చూసింది. ఇద్దరికీ చెరో చెంపా వాచింది. అప్పుడు కూడా మామ్మ, "పోనీవే కోడలా, వాడి ముసుగు కోసం చేసేరు" అని మెరుపయ్య పేరు చెప్పి మమ్మల్ని విడిపించింది.

ఇలా హాయిగా సాగిపోతున్న రోజుల్లో, ఒక శనివారం వచ్చిన సంచికలో, మంత్రి మెరుపయ్యని మోసం చేసి పట్టుకున్నాడు. కాళ్ళూ చేతులూ కట్టి కోట అగడ్తలోకి తోయించాడు. అగడ్తలో మొసళ్ళు. చివరి బొమ్మలో నీళ్ళు గిర్రున తిరుగుతున్నాయి, మనిషి లేడు, నీళ్ళ పైకి ఒక్క చెయ్యి మాత్రం కనిపిస్తోంది. కింద, మిగతా కథ వచ్చే సంచికలో అని.

మామ్మ ఆ బొమ్మని చాలాసేపు చూసింది. తను చెప్పవలసింది చెప్పలేదు. నన్ను చదవమనీ అనలేదు. దీపాలవేళ కాఫీ తాగే టైమది. అమ్మ ఇత్తడి గ్లాసులో కాఫీ తెచ్చి పక్కన పెట్టింది. మామ్మ ఆ గ్లాసుని చేత్తో అవతలికి జరిపింది.

"వాడు ఒడ్డెక్కేవరకూ నేను కాఫీ ముట్టను. ఒడ్డెక్కితే పలివెల శివాలయానికెళ్ళి వాడి పేర అర్చన చేయిస్తాను" అంది.

ఇది విన్న మనవరాలు, "జోక్ చేసి ఉంటుంది" అంది. మా మామ్మని చూడకపోతే అలాగే అనిపిస్తుంది. మా వైపు ఆడవాళ్ళకి అది అలవాటు. ఇంట్లో ఎవరికైనా ఆపదొస్తే, తమకి ప్రాణమైన వస్తువేదో దేవుడి ముందు వదిలేసి కూర్చుంటారు. మా నాన్నకి చిన్నప్పుడు జ్వరం తగ్గకపోతే మామ్మ కాఫీ వదిలేసిందట. బాబాయి పరీక్షలకి పనసపొట్టు కూర వదిలేసింది, అతను తప్పితే ఇంకో ఏడాది కూడా వదిలేసింది. అయితే బొమ్మకి మొక్కుకోవడం మాత్రం మా లంకలో ఎవరూ విని ఉండరు.

"అది బొమ్మమ్మా! కాగితం మీద బొమ్మ. దానికి ఆపదేంటి?" అన్నాడు నాన్న.

"మొసళ్ళు కనిపించట్లేదేంట్రా నీకు?" అంది మామ్మ.

ఎదురింటి అత్తయ్యగారు ముక్కున వేలేసుకుంది. మేం పిల్లలం నవ్వేశాం. పక్షం రోజులే కదా, తరవాత సంచికలో ఎలాగూ బయటికొస్తాడు అనుకున్నాం. ఎప్పుడూ వచ్చేవాడు కనక.

కానీ వచ్చే సంచిక రావలసిన వారంలో గోదావరికి ఎర్రనీళ్ళొచ్చాయి. ఆ ఏడు వరద మామూలుది కాదు. రేవు దగ్గర గట్టు అంచు దాకా వచ్చేసింది. పడవ కట్టేశారు. అవతల రోడ్ల మీదకి కూడా నీళ్ళొచ్చి బస్సులు ఆగిపోయాయని చెప్పుకున్నారు. బాబాయి అప్పటికి ఇంట్లోనే ఉండిపోయాడు. అమలాపురం మాకు కనపడని దేశమైపోయింది.

ఇంట్లో కాఫీ లేకపోతే ఏమవుతుందో అప్పుడు తెలిసింది. మామ్మకి తలనొప్పి పట్టుకుంది. నుదుటికి గుడ్డ బిగించి కట్టుకుని, సావిడి అరుగు మీద ఈనెలు కూడా చీరకుండా కూర్చునేది. అమ్మ శొంఠి కషాయం కాచి ఇస్తే తాగేది గానీ, "ఏదో వేడినీళ్ళలా ఉందే" అనేది. అత్తగారు తాగకుండా తాము తాగడమేమిటని అమ్మ మొత్తం ఇంటికే కాఫీ కట్టేసింది. దాంతో నాన్న రోజూ పొద్దున్నే, "వరద చూసొస్తాను" అని బయల్దేరేవాడు. వరద చూసి వచ్చిన మనిషి మీసాల దగ్గర కాఫీ వాసన వచ్చేది. మామ్మ ఆ వాసన పట్టి కళ్ళు మూసుకునేది.

నాకు మొదట్లో సరదాగా ఉన్నా, ఆవిడ తిండి కూడా తగ్గించేసరికి భయం పట్టుకుంది. మామ్మకి ఏమన్నా అయితే? ఒకసారి అమ్మ వంటింట్లో బాబాయితో, "వరద తీసే వరకు ఇలాగే ఉంటే మనిషి దక్కదయ్యా. ఏదో ఒకటి చెయ్యి" అనడం నా చెవిన పడింది.

బాబాయి బాగా ఆలోచించి సావిడిలోకి వచ్చి, "అమ్మా, పక్క లంక నుంచి కబురొచ్చింది. మెరుపయ్య బయటపడ్డాడట" అన్నాడు.

మామ్మ ముఖం వెలిగింది. "బొమ్మేది?" అంది.

బొమ్మ లేదు. చూడకుండా ఆవిడ నమ్మదు, ఆ రూలు పెట్టిందే తను. ఇక తమ్ముడు రంగంలోకి దిగాడు. రంగు పెన్సిళ్ళు తీసి, నాలిక బయట పెట్టి, మెరుపయ్య మొసలి మీద ఎక్కి ఒడ్డుకొస్తున్నట్టు ఒక బొమ్మ వేశాడు. మొసలి బాగానే కుదిరింది. మామ్మ దాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, తమ్ముడి తల నిమిరింది.

"నీ మనసు బంగారం నాన్నా. కానీ మన మెరుపయ్యకి మెడ ఉంటుంది కదా. వీడెవరో వేరే ఊరివాడు" అంది.

వాడు ఏడుపు ముఖం పెడితే, ఆ వేరే ఊరివాణ్ణి కూడా సావిడి గోడకి అన్నం మెతుకులతో అతికించింది. కాఫీ మాత్రం ముట్టలేదు.

చివరికి నీళ్ళు తీశాయి. పడవ తిప్పుతున్నారని తెలిసిన రోజే బాబాయి బయల్దేరాడు. నేనూ వస్తానని కాళ్ళు పట్టుకున్నాను. నాకు మామ్మ చేతికి ఆ పుస్తకం నేనే ఇవ్వాలని ఉంది. గట్టు దారి పొడుగునా బురద, కొట్టుకొచ్చిన అరటి బోదెలు, బూజు పట్టిన గడ్డి వాసన. బస్సు ఎక్కడ ఆగుతుందో దానికే తెలియనట్టు ఆగుతూ వెళ్ళింది.

అమలాపురం బస్టాండు పక్కన పుస్తకాల షాపు ముందుకెళ్ళేసరికి నేను నోరు తెరిచాను. అరుగు నిండా జనం. సబ్బులకో కిరసనాయిలుకో కాదు, అందరూ ఆ బొమ్మల పత్రిక కోసమే. వరద మూలంగా కట్ట ఆగిపోయింది, ఇవాళ రాజమండ్రి నుంచి వచ్చే బస్సులో వస్తుందని షాపు ఆయన చెప్పాడట. రాజోలు నుంచి, కొత్తపేట నుంచి, ఐ.పోలవరం నుంచి వచ్చి కూర్చున్నారు. అప్పటిదాకా మెరుపయ్యని మా ఇల్లు ఒక్కటే చదువుతుందని ఎక్కడో మనసులో ఉండేది నాకు. ఇంతమందికి తెలుసా అని ముందు కాస్త కుళ్ళుకున్నాను. కాసేపటికి అదే గొప్ప ఆనందమైపోయింది.

కోర్టులో గుమాస్తాగా పనిచేసే ఒకాయన, చేతిలో ఫైళ్ళు అలాగే పట్టుకుని, "కాళ్ళూ చేతులూ కట్టేసేరు కదండీ. మరి చెయ్యి పైకెలా వచ్చింది? అంటే కట్లు తెంపుకున్నట్టే కదండీ. ఆ చెయ్యే సాక్ష్యం" అని వాదిస్తున్నాడు.

"ఆయ్, అలా కాదండీ" అంది పక్కన కూర్చున్న ఒకావిడ. రాజోలు వైపు నుంచి వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో, కొత్త పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఉంది. "ఆ చెయ్యి మెరుపువీరుడిది కాదండి. దానికి కడియం ఉంది చూడండి. ఈయనకి కడియం లేదండి. అది తోసినోడి చెయ్యి. వాణ్ణి కూడా లాగేసేడండి."

అందరూ తమ తమ పాత సంచికలు తీసి చూశారు. నిజమే, కడియం ఉంది. అరుగంతా గోలెత్తిపోయింది. మొసళ్ళు మనిషిని తింటాయా, కోటకి సొరంగం ఉందా, గుర్రం వస్తుందా రాదా అని ఒకరి మాట ఒకరికి వినపడకుండా మాట్లాడుకున్నారు. మధ్యలో ఎవరో తేగలు పంచారు. ఎవరో నాకు గోళీసోడా ఇప్పించారు. ఇంతమంది పెద్దవాళ్ళు నా మనసులో ఉన్నదాన్ని పైకి మాట్లాడుతుంటే ఇంటికెళ్ళాలని లేదు నాకు. మామ్మ మొక్కు సంగతి బాబాయి చెప్పగానే మాత్రం అందరూ ఆగిపోయారు. ఒక్కరూ నవ్వలేదు. రాజోలు ఆవిడ, "ఎన్నాళ్ళయిందండీ కాఫీ మానేసి?" అని అడిగి, చెబితే నాలిక కరుచుకుంది.

బస్సొచ్చింది. కట్ట దింపారు. తాడు కోసి చూస్తే కింద సగం కాపీలు నీళ్ళకి ముద్దైపోయి ఉన్నాయి. పై సగం బాగున్నాయి గానీ, అవి మాకంటే ముందు వచ్చినవాళ్ళకే సరిపోయాయి. చివరి కాపీ రాజోలు ఆవిడ చేతిలోకి వెళ్ళింది. షాపు ఆయన తడిసిన ముద్దలో నుంచి ఒకటి తీసి నాకిచ్చాడు. పేజీలు అంటుకుపోయాయి, లాగితే చిరిగిపోయాయి. బొమ్మలు ఒకదాని రంగు ఒకదానికి అంటి, ఎవరు ఎవరో తెలియలేదు. అది చూపిస్తే మామ్మ ఏమంటుందో నాకు తెలుసు. నడి బజార్లో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.

రాజోలు ఆవిడ తన కాపీ తెరిచి గబగబా తిప్పుతోంది. మెరుపయ్య ఎక్కడా లేడు. పేజీల నిండా మంత్రి సంబరాలే. ఆఖరి పేజీకొచ్చి ఆవిడ నన్ను దగ్గరకు లాక్కుని చూపించింది. తెల్లారుతున్న ఆకాశం కింద, అగడ్త గట్టు మీద, ఒళ్ళంతా నీళ్ళు కారుతూ మెరుపయ్య లేచి నిలబడ్డాడు. మెడ కూడా ఉంది.

"ఇది తీసుకెళ్ళమ్మా" అంది.

"మరి మీకో?" అన్నాను.

"నేను చూసేసేను కదా. కువైట్ వీసా వచ్చిందమ్మా, ఎల్లుండి బొంబాయి పోవాలి. అక్కడ చదువుకుందామని కొన్నాన్లే. కానీ మీ మామ్మగారు అక్కడ కాఫీ లేకుండా ఉంటే నాకిది చదవబుద్ధేస్తుందేంటి?" అని పుస్తకం నా చేతిలో పెట్టింది. పెట్టాక, "అర్చన చేయిస్తానన్నారు కదా మామ్మగారు. వీలుంటే నా పేరు కూడా చెప్పమను. వేరే ఏం వద్దు, పని దొరికి క్షేమంగా ఉండేలా" అంది. పేరు చెప్పింది. నేను దాన్ని దారి పొడుగునా లోపల్లోపల అనుకుంటూ వచ్చాను, మర్చిపోతానేమోనని.

ఇంటికి చేరేసరికి దీపాలవేళ. మామ్మ నా ముఖంలోకి చూసింది. కళ్ళజోడు పెట్టుకుంది. ఆఖరి పేజీ తెరిచి ఒళ్ళో పెట్టాను. చూసింది. వేలితో ఆ తడిసిన ముసుగు మీద, భుజాల మీద రాసింది.

"ఎంత నానిపోయేడే నాన్న. ఎవరన్నా వాడికి తల తుడుచుకోడానికి ఒక తుండు ఇవ్వండి" అంది. అంటూ అంటూ ఏడ్చేసింది. వంటింటి గుమ్మంలో అమ్మ కూడా కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ లోపలికి పరిగెత్తింది. కాసేపట్లో డికాషన్ వాసన సావిడి దాకా వచ్చింది. మామ్మ ఇత్తడి గ్లాసు రెండు చేతులతో పట్టుకుని మొదటి గుక్క తాగి, కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయింది. నాన్న ఆ వాసనకి బయటినుంచి వచ్చి, "నాక్కూడా" అన్నాడు. "నువ్వు వరద చూసొచ్చేవుగా?" అంది మామ్మ.

ఆ సోమవారమే అందరం పలివెల వెళ్ళాం. గుడిలో పూజారిగారు పళ్ళెం పట్టుకుని, "పేరు చెప్పండమ్మా" అన్నారు.

"మెరుపయ్య" అంది మామ్మ.

పూజారిగారు, "గోత్రం?" అన్నారు.

మేం ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నాం. ఇంత దూరం ఆలోచించినవాళ్ళు లేరు. అతని తల్లిదండ్రులెవరో ఏ సంచికలోనూ రాయలేదు. బాబాయి మెల్లిగా, "తెలీదండీ" అన్నాడు. పూజారిగారు, "ఫరవాలేదండి, తెలియనివాళ్ళకి శివగోత్రం అంటాం" అన్నారు.

"తెలియకపోవడమేంటండీ?" అంది మామ్మ. "మా ఇంట్లో మనిషేనండి. మా గోత్రమే చెప్పండి."

పూజారిగారు మా గోత్రం చదివి, మెరుపయ్య నామధేయస్య అని, క్షేమం, స్థైర్యం, విజయం, అభయం అన్నీ అతనికి అడిగారు. అతనికి సరిగ్గా కావలసినవే. ఆ వెనకనే మామ్మ, కువైట్ వెళ్ళే అక్క పేరు కూడా చెప్పించింది. ఆవిడ గోత్రం అడగడం నేను మరిచిపోయానంటే, "అదీ మనదే చెప్పండయ్యా" అంది మామ్మ. నాన్న గోడవైపు తిరిగి నవ్వు ఆపుకుంటున్నాడు. నాకు మాత్రం ఆ రోజు ఒళ్ళు గగుర్పొడిచింది.

అప్పటినుంచీ ప్రతి కార్తీకమాసంలో మా ఇంటి అర్చనలో, నాన్న, బాబాయి, నేను, తమ్ముడు అయ్యాక, మెరుపయ్య పేరూ ఆ అక్క పేరూ వరసగా వచ్చేవి. ఆవిణ్ణి మళ్ళీ చూడలేదు. పత్రిక కూడా కొన్నాళ్ళకి ఆగిపోయింది. ఆఖరి సంచికలో గుర్రం మీద కొండ ఎక్కుతున్న మెరుపయ్య ఇప్పటికీ ఎక్కుతూనే ఉన్నాడు. "ఇంక రాదట మామ్మా" అంటే, "రాకపోతే ఏం, వాడు బాగానే ఉండి ఉంటాడు" అంది. అర్చన మానలేదు.

నాకు పెళ్ళయింది. ఆ ఏడు కార్తీకంలో పుట్టింటికొచ్చి, మామ్మ పక్కన గుడిలో నిలబడ్డాను. పూజారిగారు పేర్లు చదువుతున్నారు. నాన్న పేరు, బాబాయి పేరు అయ్యాయి. నా పేరు కోసం చెవులు రిక్కించాను. రాలేదు. తమ్ముడి పేరొచ్చింది. దాని వెనక ఠీవిగా మెరుపయ్య పేరొచ్చింది. పెళ్ళయితే ఆడపిల్ల గోత్రం మారుతుందని నాకు తెలియక కాదు. కానీ నా పేరు లేని అర్చన అంతవరకూ వినలేదు కదా. బయటికి రాగానే మామ్మ మీద విరుచుకుపడ్డాను.

"ఇన్నేళ్ళు నీకు చదివి పెట్టింది నేను. నన్ను తీసేసి ఆ కాగితం మనిషిని ఉంచేవా?"

మామ్మ మెట్ల మీద కూర్చుని, ప్రసాదం కొబ్బరి ముక్కని నా నోట్లో పెట్టింది.

"నీ పేరు అక్కడ మీ అత్తగారు చెప్పిస్తుందే. నీకిప్పుడు రెండిళ్ళు" అంది. "వాడికి మనం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారమ్మా?"

మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు పలివెల వెళ్ళేది తమ్ముడు. మొన్న కార్తీకంలో కొత్తగా వచ్చిన చిన్న పూజారిగారు అడిగాడట, "ఈ మెరుపయ్యగారు ఎప్పుడూ గుడికి రారేంటండీ?" అని. "ఆయనకి తీరిక ఉండదండి, ఎప్పుడూ కొండలెమ్మటే తిరుగుడు" అన్నాట్ట మా తమ్ముడు. ఆ పూజారిగారు పాపం నొచ్చుకుని, ఆయన కోసమని రెండో ప్రసాదం పొట్లం కట్టి ఇచ్చాడట. ఇంటికి తెచ్చి ఏం చేశావురా అని ఫోనులో అడిగాను.

"ఏం చేస్తానక్కా, కళ్ళకద్దుకుని నేనే తినేసేను" అన్నాడు. "మామ్మ అనేది కదా, వాడు అన్నం తినడని."